బాలసుబ్రహ్మణ్యముగారి నిర్యాణము: వదంతుల విమర్శ

ప్రసిద్ధుడైన గాయకుడు కాలధర్మము నొందినప్పుడు అతని పాటలతోపాటు అతని మరణమును గూర్చిన కథలు కూడ లోకములో సంచరింపసాగును. ఇది నేటి వింత కాదు. అయితే ఆ కథలన్నియు ఒక్క జాతివి కావు. కొన్ని కథలు, పాటను విని విని, ఇట్టి పాట పాడినవాడు అందరివలె పోరాదను ఆశనుండి పుట్టును. మరికొన్ని పాటతో నిమిత్తము లేకయే పుట్టును. శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యముగారు 2020 సెప్టెంబరు 25వ తేదీ శుక్రవారము మధ్యాహ్నము 1 గంట 4 నిమిషములకు చెన్నపట్టణములో కన్నుమూసిన పిమ్మట పుట్టిన కథలు ఈ రెండవ జాతివి. బళ్లారి తెలుగు కుటుంబములలో పెక్కురు వానిని నమ్మిరి. కొందరు నేటికిని నమ్ముచున్నారు. కనుక వానిని గూర్చి ఈ సంచికలో కొంత వ్రాయుట యుక్తమని తలచితిమి.

ముందుగా జరిగిన సంగతిని తేదీలతో చెప్పవలెను. వదంతికి తేదీలనిన గిట్టదు. 2020 ఆగస్టు 5వ తేదీన బాలుగారు తామే కెమెరా ముందు కూర్చుండి, కొద్దిపాటి జలుబు, జ్వరము వచ్చినవనియు, పరీక్షలో కరోనా యని తేలినదనియు, ఇంటనే యుండవచ్చునని వైద్యులు చెప్పినను ఇంటివారికి ఇబ్బంది కలుగరాదని ఆసుపత్రిలో చేరితిననియు లోకమునకు తెలిపిరి. అది చెన్నపట్టణములోని ఎం.జి.ఎం. హెల్త్‌కేర్ ఆసుపత్రి. ఆగస్టు 13వ తేదీ రాత్రి పరిస్థితి విషమించెను. కృత్రిమ శ్వాసయంత్రము పెట్టిరి. అదియు చాలక ఎక్మో యను యంత్రము నమర్చిరి. ఈ యంత్రము రోగి రక్తమును దేహమునుండి వెలుపలికి తీసి, అందలి బొగ్గుపులుసు వాయువును తొలగించి, ప్రాణవాయువును కలిపి మరల దేహములోనికి పంపును. అనగా ఊపిరితిత్తులు చేయవలసిన పనిని తాను వహించి వానికి విశ్రాంతి నిచ్చును. ఆగస్టు 20వ తేదీ సాయంకాలము 6 గంటలకు తమిళ చిత్రసీమవారు, శ్రోతలు ఎక్కడివారక్కడనే నిలిచి ఆయన కొరకు ప్రార్థన చేసిరి. సెప్టెంబరు 7న కుమారుడు చరణ్‌గారు, వ్యాధి లక్షణము పరీక్షలో కనబడుట లేదనియు, తండ్రి ఆటల పోటీలు చూచుచున్నారనియు, చెప్పదలచినది వ్రాసి చూపుచున్నారనియు తెలిపి అందరికి ఆశ కల్పించిరి. 24వ తేదీన ఆసుపత్రివారు పరిస్థితి మిక్కిలి విషమముగ నున్నదని ప్రకటించిరి. మరునాడే అంతయు ముగిసెను. ఆసుపత్రిలో చేరిన దినము మొదలు 51 దినములు. 26వ తేదీన తామరైపాక్కము తోటలో తమిళనాడు పోలీసు లాంఛనములతో ఖననము జరిగినది. దహనము గాక ఖననమేలయని కొందరు ప్రశ్నించిరి గాని, ఇంటిపేరులోనే ఆరాధ్యశబ్దమున్న కుటుంబమున అది వింత కాదని లింగాయతుల నడుమ బ్రదుకుచున్న బళ్లారివారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇవి సంగతులు. ఇక వదంతులు.

ఆయన జీవించియుండగనే మొదటిది పుట్టినది. జూలై నెలాఖరున హైదరాబాదులో జరిగిన ఒక టెలివిజను కార్యక్రమమున, ఒక గాయని తనకు వ్యాధి యున్నదని తెలిసియు పాల్గొని, ఆయనకు అంటించెనని ఎవరో వ్రాసిరి. ఆమె తన పరీక్షల తేదీలను బయటపెట్టి అది అసత్యమని చెప్పుకొనవలసివచ్చెను. ఆమె వేదన నెందరు చదివిరో గాని, ఆమెపై వచ్చిన నిందను మాత్రము అందరును చదివిరి. రెండవది ఆగస్టు 24న వచ్చినది. వ్యాధి పూర్తిగ నయమైనదని వార్త పుట్టి, గంటలలో దేశమంతయు వ్యాపించెను. చరణ్‌గారు ఆ దినమే దానిని ఖండించి, పరీక్ష ఫలితమేదైనను తండ్రి యింకను యంత్రముల మీదనే యున్నారని చెప్పిరి. ఆ తరువాత నిజముగనే వ్యాధి లక్షణము తొలగినను ప్రాణము నిలువకపోవుటతో, "వ్యాధి పోయినదంటిరిగదా, మనిషి యేల పోయెను? ఇందులో ఏదో యున్నది" యని మూడవ వదంతి లేచినది. ఇందులో దాగిన దేదియు లేదు. ఇల్లు అంటుకొని ఆరిన పిమ్మట నిప్పు లేదనుట నిజమే, దూలములు కాలిపోయినవనుటయు నిజమే. 74 ఏండ్ల వయస్సులో పాడైన ఊపిరితిత్తులు మరల కోలుకొనుట యెంత కష్టమో ఆ యేట ఎన్నో యిండ్లవారు చూచిరి.

వీటన్నిటిని మించినది నాలుగవది. దీనినే కొంచెము విస్తరముగ పరిశీలింపవలెను. ఆసుపత్రివారికి ఇవ్వవలసిన సొమ్ము కోట్లకొలది నిలిచిపోయినదట. అది చెల్లించినగాని దేహము నప్పగించమనిరట. కుటుంబమువారు తమిళనాడు ప్రభుత్వమును అర్థించిరట. వారు చేతులెత్తివేసిరట. అంతట నెల్లూరు జిల్లాకే చెందిన నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుగారి ఇంటివరకు మొర పోగా, వారి కుమార్తె కలుగజేసికొని దేహమును విడిపించిరట. ఇదియే కథ. మరణించిన మూడు దినములలోగనే చరణ్‌గారు దీనిని గూర్చి మాటలాడవలసివచ్చెను. ఆసుపత్రి వైద్యులతో కలిసి పత్రికలవారి ఎదుట నిలిచి, లెక్కలు ఎప్పటికప్పుడు చెల్లించుచు వచ్చితిమనియు, దేహమును ఎవ్వరును ఆపలేదనియు, ఎవ్వరిని యాచింపలేదనియు చెప్పిరి. తండ్రిని మట్టిలో పెట్టి రెండు దినములైన కాని కొడుకు, లోకమునకు ఆసుపత్రి బిల్లు సంజాయిషీ చెప్పుకొనుచున్నాడు. ఇంతకంటె మించిన అమర్యాద మరొకటి యుండునా?

మేము జీవితములో అధికభాగము కచేరీలో గడిపినవారము. ఇచ్చట కచేరి యనగా సర్కారు కచేరియే గాని పాటకచేరి కాదు. కనుక ఈ కథను మాకు తెలిసిన పద్ధతిని పరిశీలించితిమి. సొమ్మెంత? చెప్పినవారందరు తలకొక అంకె చెప్పిరి. చెల్లించినదెవరు, ఏ తేదీన, ఏ రూపమున? రసీదును చూచినవారు లేరు. అర్జీ ఏ అధికారికి పోయినది, దానిని త్రోసిపుచ్చినదెవరు? పేరు లేదు. ఇవన్నియు అటుంచి కాలమును మాత్రమే చూతము. ప్రాణము పోయినది శుక్రవారము మధ్యాహ్నము 1 గంట దాటిన తరువాత. దేహము ఆ సాయంకాలమే నుంగంబాక్కములోని స్వగృహమునకు చేరినది. ఆ రాత్రియే తోటకు తరలినది. ఈ కొద్ది గంటలలో ఒక ప్రభుత్వమునకు అర్జీ పెట్టుట, వారు దానిని విచారించి తిరస్కరించుట, పిదప ఢిల్లీకి మొరపెట్టుట, అచ్చటినుండి సొమ్ము ఏర్పాటగుట, ఇవన్నియు జరిగినవట! సర్కారు కచేరీ వ్యవహారము తెలిసినవాడెవడును దీనిని నమ్మడు. దరఖాస్తుకు ఇన్‌వార్డు నంబరు పడుటకే ఆ గంటలు చాలవు.

కుటుంబము సొమ్ము లేక దిక్కుతోచని స్థితిలో నున్నదను భాగము మరియు వింతయైనది. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే బాలుగారు నెల్లూరులో తిప్పరాజువారి వీధిలోని తమ పూర్వుల ఇంటిని వేదపాఠశాల కొరకు కంచి పీఠమునకు దానము చేసి, పీఠాధిపతుల సమక్షమున తామే అప్పగించిరి. ఆ వార్త పత్రికలలో వచ్చినది. ఇల్లు దానమిచ్చిన మాట ఏడు మాసములలో మరపునకు వచ్చినది. అప్పు పడిన మాట పుట్టినంతనే కంఠస్థమైనది.

మరి ఇట్టి కథను తెలివిగల గృహస్థులు ఏల నమ్మిరి? రెండు కారణములు మాకు తోచుచున్నవి. మొదటిది సులభమైనది. ఆ యేట ఆసుపత్రి బిల్లనగా ప్రతి యింటను గుండె దడ. బిల్లు చెల్లించుటకు పుస్తెలమ్మినవారు, పొలము తాకట్టు పెట్టినవారు ఎరిగినవారిలోనే యుండిరి. తమకు జరిగినది, జరుగునని భయపడినది, పెద్దవానికిని జరిగినదనగనే మనస్సు వెంటనే ఒప్పుకొనెను. ఇందులో దోషమున్నదనజాలము. తమ దుఃఖమునే గాయకుని చావులో చూచుకొనిరి.

రెండవ కారణము మాత్రము మన బోటి సరిహద్దువారు నిదానముగ ఆలోచింపదగినది. ఆ కథలోని పాత్రలను చూడుడు. కఠినహృదయమైన తమిళ ప్రభుత్వము, పరాయినేలను దిక్కులేక నిలిచిన తెలుగు కుటుంబము, ఢిల్లీనుండి ఆదుకొన్న తెలుగు హస్తము. ఇది ఆసుపత్రి కథ కాదు. పరరాష్ట్రములో స్థిరపడిన తెలుగువాని మనస్సులో ఏ మూలనో దాగియున్న భయమునకు ఎవడో తొడిగిన వేషము. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి, బళ్లారి మొదలైన తక్కినవి మైసూరులో చేరినవి. బళ్లారి తాలూకా సంగతి తేల్చుటకు మిశ్రా సంఘమును ప్రత్యేకముగ వేయవలసివచ్చెను. ఆ నాటి వాదోపవాదములు పెద్దల నోట విని పెరిగిన ఇండ్లలో, "మనవాడు అక్కడ చనిపోయినపుడు వారెవ్వరు పలుకలేదు, మనవారే పలికిరి" అను మాట మంత్రమువలె పనిచేయును. నిజమా కాదా యని విచారించుటకు ముందే అది చెవికి తియ్యగ నుండును. తియ్యగ నున్నదానిని పదిమందికి పంచుట మన అలవాటు. చేతిఫోను వచ్చిన తరువాత పంచుటకు లేచి నడువనక్కరయు లేదు.

కాని జరిగినదేమి? పోలీసు లాంఛనములను ప్రకటించినది తమిళనాడు ప్రభుత్వమే. ఆగస్టు 20 నాటి ప్రార్థనకు పిలుపునిచ్చినవారు భారతీరాజా మొదలైన తమిళ చిత్రసీమవారే. ఆయన నివసించిన కాందార్‌నగరు వీధికి 2025లో ఆయన పేరు పెట్టినదియు ఆ ప్రభుత్వమే. ఆంధ్రప్రభుత్వమును తన వంతు చేసినది. నెల్లూరు ప్రభుత్వ సంగీత పాఠశాలకు ఆయన పేరు పెట్టెను. భారతరత్న మిప్పింపవలెనని ప్రధానమంత్రికి లేఖ వ్రాసెను. ఎవ్వరును తక్కువ చేయలేదు. ఇక కన్నడమువారి సంగతి బళ్లారిలో నున్న మనకు చెప్పవలెనా? మరుజన్మ యున్నచో కన్నడనాట పుట్టవలెనని ఆయన అచ్చటి వేదికలపై పలుమారు అనిరి. ఆ మాటకు మనలో కొందరు చిన్నబుచ్చుకొనిరి కూడ. "ఇంత వాడై, తెలుగుగడ్డను కాదనెనే" యని సణిగిరి. మా యభిప్రాయము వేరు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము పలుకుచు రెండింటిలోను పరాయితనము లేక బ్రదుకువాడు ఆ మాటను సుళువుగ అర్థము చేసికొనును. మన రాఘవాచార్యులుగారు తెలుగునను కన్నడమునను నాటకములాడినప్పుడు ఇట్టి సణుగుడు బళ్లారికి తోచియుండదు.

ఇప్పుడు మొదట చెప్పిన రెండు జాతుల మాటకు వత్తము.

త్యాగరాజస్వామి 1847 జనవరి 6వ తేదీ పుష్య బహుళ పంచమి నాడు తిరువైయారులో సిద్ధినొందిరి. అంతకు ముందే సన్న్యాసము స్వీకరించిరి. పది దినములలో ముక్తి ననుగ్రహింతునని శ్రీరాముడు వారికి స్వప్నమున దర్శనమిచ్చి పలికెననియు, ఆ దర్శనమును వారు సహానరాగమందు ఒక కీర్తనగ పాడిరనియు శిష్యపరంపరలో చెప్పుకొందురు. దీనికి రసీదు కలదా యని మేమడుగము. ఏలయన ఆ కథ శ్రోతను ఎచ్చటికి గొనిపోవుచున్నది? సహానరాగ కీర్తన వద్దకు. కథ విన్నవాడు ఆ కీర్తనను మరల వినును. వినినప్పుడు, మరణము నెదురుచూచువాని గొంతులో భయము లేకుండుట యెట్టిదో గ్రహించును. బెంగుళూరు నాగరత్నమ్మగారు తమ ఆర్జితమును వెచ్చించి ఆ సమాధిపై గుడి కట్టించినది ఇట్టి కథలు విని పెరిగినందుననే కదా! ఆ కథను పుట్టించినది పాట, పోషించినదియు పాటయే.

బాలుగారి బిల్లు కథ వినినవాడు ఏ పాట వద్దకు పోవును? ఏ పాట వద్దకును పోడు. మరియొక వదంతి వద్దకు పోవును. ఏ నటుడు అంత్యక్రియలకు వచ్చెను, ఏ నటుడు రాలేదు అను హాజరుపట్టీ వద్దకు పోవును. ఆ హాజరుపట్టీని గూర్చి కూడ పత్రికలవారు పాపము చరణ్‌గారినే ప్రశ్నించిరి.

పాటవద్దకు గొనిపోవు కథయంతయు నిర్దోషమని మా తాత్పర్యము కాదు. పాశ్చాత్యదేశమున మొజార్టు అను మహాసంగీతకర్త 1791 డిసెంబరు 5న వియన్నా నగరమున 35 ఏండ్లకే మరణించినప్పుడు, తీవ్రమైన జ్వరమని మరణపు లెక్కలో వ్రాసినను, విషప్రయోగమను పుకారు ఆ నెలలోపలనే పత్రికకెక్కెను. రానురాను ఆ నింద సాలియేరి అను తోటి సంగీతకర్త నెత్తిని పడినది. రష్యా కవి పుష్కిను 1830లో దానిని చిన్న నాటకముగ వ్రాసెను. దానిని రింస్కీ-కోర్సకోవు సంగీతనాటకముగ మలచెను. 1979లో పీటరు షాఫరు ఇంగ్లీషున మరల నాటకముగ వ్రాయగా, 1984లో అది చలనచిత్రమై, లక్షలమందిని మొజార్టు సంగీతమువైపు త్రిప్పెను. సంగీతమునకు మేలే జరిగినది. సాలియేరికి? ఆయన బీథోవెనుకును షూబర్టుకును గురువు. మొజార్టు చిన్నకొడుకునకు కూడ సంగీతము నేర్పినవాడు. విషము పెట్టినవాని వద్దకు ఏ తల్లియైన కొడుకును చదువునకు పంపునా? అయినను రెండువందల యేండ్లుగ ఆ నింద ఆయనను వదలలేదు. హైదరాబాదు కార్యక్రమమున పాడిన ఆ గాయనిని తలచినప్పుడు మాకు సాలియేరియే జ్ఞప్తికి వచ్చును. ఆమెకు నాటకము వ్రాయువాడు కూడ లేడు.

అన్ని వదంతులును చెడ్డవని కూడ మేమనము. బాలుగారు 40,000 పాటలు పాడిరని అందరు చెప్పుదురు. 1966 డిసెంబరు 15న కోదండపాణిగారి సంగీతమున తొలిపాట పాడినది మొదలు 54 ఏండ్లకు ఈ లెక్కను పంచిన ఏటికి 740 పాటలు, దినమునకు రెండు, పండుగపబ్బములకు కూడ సెలవు లేకుండ! ఆడిట్ చేసినవారెవ్వరు? కాని ఇది ప్రేమ వేసిన లెక్క. దీనివలన ఒకరి పరువు పోదు, ఒకరి కన్నీటికి అడ్డురాదు. కనుక దానిపై మా ఎఱ్ఱసిరా ఒలికింపము.

ఇంత జరిగినదానికి అడుగున ఒక సంగతి యున్నదని మా నమ్మకము. తెలుగు శ్రోత బాలుగారినుండి వేరొక మరణమును ఆశించెను. ఆశించుటకు కారణము ఆయనయే. 1980లో విడుదలయైన శంకరాభరణము చిత్రమును స్మరింపుడు. తుదిఘట్టమున శంకరశాస్త్రి సభలో పాడుచుండగా గొంతు పట్టుకొనును. శిష్యబాలుడు పాట నందుకొని ముగించును. గురువు తన గండపెండేరమును శిష్యునికి తొడిగి, వేదికమీదనే ప్రాణము విడుచును. శాస్త్రి పాత్ర ధరించిన సోమయాజులుగారు రెవెన్యూశాఖలో డిప్యూటీ కలెక్టరు. అది మా బోటివారికి కొంత గర్వకారణమని ఒప్పుకొందుము. కాని ఆ వృద్ధుని ప్రాణము సోమయాజులుగారి ముఖములో ఎంత యున్నదో బాలుగారి కంఠములో అంత యున్నది. ఆ కంఠమునకు అప్పటికి 33 ఏండ్లు. శాస్త్రీయ సంగీతమును గురుముఖమున అభ్యసించినవాడు కాడు. సంగీతము కూర్చిన మహదేవన్‌గారును, ఆయన సహాయకుడు పుహళేందిగారును చెప్పినదానిని పట్టుకొని పాడెను.

ముసలివాని పాటను పడుచువాడు పాడవలసినప్పుడు సామాన్యులు గొంతు వణకింతురు. దగ్గుచు, రొప్పుచు పాడుదురు. బాలుగారు ఆ పని చేయలేదు. స్వరమును కొంచెము బరువు చేసి, అక్షరములను నిండుగ పలికి, సంగతులను దుడుకు లేక నడిపిరి. వయస్సు వణకులో లేదు, తొందర లేకుండుటలో నున్నది. ఆ తుదిపాటకు ఎన్నుకొన్న రాగము బిలహరి. అది ఉదయపు వెలుతురువంటి రాగము, ఏడుపునకు చోటీయని రాగము. చావు అందులో కన్నీరుగ రాదు. ఊపిరి తెగుటగ మాత్రమే వచ్చును. తెగినచోటనే వాణీజయరాముగారి కంఠము శిష్యుని కంఠముగ అందుకొనును. 1979 సంవత్సరపు జాతీయ బహుమానము బాలుగారికి ఈ చిత్రమునకే వచ్చినది. తరువాత సాగరసంగమమునకును వచ్చినది. అందును కథానాయకుడైన నాట్యకారుడు, శిష్యురాలి నాట్యము చూచుచు చనిపోవును. ఆ పాత్ర ధరించిన కమలహాసన్‌గారే 2020 సెప్టెంబరు 24 సాయంకాలము ఆసుపత్రికి వచ్చి, బాలుగారిని చూచి పోయిరి.

ఇట్టి చావులను రెండుమూడు తరములకు పాడి వినిపించినవాడు, గొంతులో గొట్టముతో, పలుకలేక వ్రాసి చూపుచు, తలుపులు మూసిన గదిలో పోయెను. శిష్యుడు అందుకొనుటకు పాట లేదు. చూచుటకు సభ లేదు. ఆ వ్యాధికి నియమమే ఒంటరితనము. తలుపు వెనుక ఏమి జరిగినదో చూడలేని జనము, తాము పోగొట్టుకొన్న ఆ తుదిఘట్టమును తమకు చేతనైనట్లు కల్పించుకొనెను. ఆశించినది బిలహరి, చేతనైనది బిల్లు. ఈ సంగతి గుర్తించినచో వదంతిని నమ్మినవారిపై మాకు కోపము కొంత తగ్గును. పుట్టించినవానిపై తగ్గదు.

ఒక్క మాట మాత్రము బళ్లారివారికి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. బాలుగారికి నాలుగు భాషలలో కలిపి ఆరు జాతీయ బహుమానములు వచ్చినవి. అందులో తెలుగువి మూడింటిని మన పిల్లలు గుక్కతిప్పుకొనక చెప్పుదురు. కన్నడ చిత్రమునకు వచ్చినదానిని అడిగినచో నీళ్లు నములుదురు. బిల్లు కథను మాత్రము వివరములతో చెప్పగలరు. అది 1995 నాటి సంగీతసాగర గానయోగి పంచాక్షర గవాయి చిత్రము. పంచాక్షర గవాయిగారు పుట్టుగ్రుడ్డి. హిందూస్థానీ, కర్ణాటక సంగీతములు రెండింటను ఆరితేరి, గదగులో వీరేశ్వర పుణ్యాశ్రమమును స్థాపించి, చూపులేని బాలురకు అన్నము పెట్టి సంగీతము నేర్పుచు 1944లో పరమపదించిరి. వారి పాత్రకు పాడవలసివచ్చినప్పుడు బాలుగారి కష్టము శంకరాభరణము నాటికంటె తక్కువది కాదు. ఇటు కర్ణాటక బాణీ కాదు, అటు సినిమా బాణీ కాదు. మేఘములు ముసురుకొని ఉరుముటను వర్ణించు హిందూస్థానీ పద్ధతి పాట. అందులో ఆయన తానములను వేగమునకై పరుగెత్తింపలేదు. మబ్బు కదలినట్లు మంద్రమునుండి మెల్లగ లేచి, పైకి పోయినకొలది విప్పారును. కన్నులు లేనివాడు మేఘమును చెవితో చూచుచున్నాడని తోచును. మరణకథలు వినుటకు వెచ్చించిన కాలములో పదవవంతు ఈ పాటకు వెచ్చించినను చాలును.

దానికి సంగీతము కూర్చిన హంసలేఖగారికిని ఆ సంవత్సరమే జాతీయ బహుమానము వచ్చినది. పాడినవాడు నెల్లూరివాడు, కూర్చినవాడు కన్నడిగుడు, పాట హిందీ, కథ గదగుది. బళ్లారిలో హుబ్బళ్లి వైపు పోవు రైలెక్కినవారు హొసపేట, కొప్పళము దాటి గదగున దిగవచ్చును. పుణ్యాశ్రమమున చూపులేని పిల్లలకు సంగీతపాఠములు నేటికిని జరుగుచున్నవి.